బస్తా ఒకటి, వాటాలు పన్నెండు

కలిసి కొనుక్కుని ఖర్చు తగ్గించుకోవడం గురించి విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు. చాలామంది అడిగింది ‘చవగ్గా ఎక్కడ దొరుకుతుంది’ అని. దుకాణం వెతకడం తేలికే. తెచ్చాక తూచడంలో, పంచడంలో, లెక్క రాయడంలో మిగిలిన డబ్బు కాస్తా జారిపోతుంది. అందుకే జవాబుల్లో ఎక్కువ చోటు వాటికే ఇచ్చాం. ధరలు రోజుకో తీరుగా ఉంటాయి కనుక ఇక్కడి రూపాయల అంకెలు లెక్క తెలియడానికి మాత్రమే.

మా అపార్ట్‌మెంట్‌లో 12 కుటుంబాలం. సరుకులు పూర్ణా మార్కెట్ నుంచి టోకున తెచ్చుకుందామని అనుకుంటున్నాం. ఏవి కలిపి కొంటే లాభం? ఎలా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, మధురవాడ

ముందు కాగితం మీద కొని చూడండి. రెండు నెలలకు సరిపడా కందిపప్పు 50 కిలోలు, మినప్పప్పు 30 కిలోలు, పంచదార 50 కిలోలు, నూనె 4 డబ్బాలు అనుకుందాం. వీధి చివరి కొట్టు ధరతో పోలిస్తే కందిపప్పు మీద కిలోకు 8, మినప్పప్పు మీద 10, పంచదార మీద 3, నూనె డబ్బాకు 100 రూపాయలు తగ్గిందనుకోండి. వరసగా 400, 300, 150, 400... మొత్తం 1,250. పూర్ణా మార్కెట్ నుంచి మీకు పదిహేను కిలోమీటర్ల పైమాటే. ట్రాలీ ఆటోకు 600, హమాలీకి 60 పోతే మిగిలేది 590. ఇంటికి 49 రూపాయలు! దీనికోసం ఒకరు పూటంతా మార్కెట్లో నిలబడాలా?

రెండో విడతలో అదే ఆటోలో ఇంటికొకటి చొప్పున 12 బియ్యం బస్తాలు కూడా వేయండి. బస్తాకు 60 తగ్గితే ఇంకో 720, అదనపు హమాలీ 120. అప్పుడు ఇంటికి 99 అవుతుంది. ఆటో నిండితేనే టోకు బేరం గిట్టుబాటు. అయితే బియ్యంతోనే మొదలుపెట్టకండి. ఒకరికి సోనా మసూరి కావాలి, ఒకరికి స్వర్ణ చాలు, ఇంకొకరికి ఏడాది పాతవైతే తప్ప ముద్ద దిగదు. మొదటిసారి రకం మీద పట్టింపు లేని సరుకులే తెచ్చి, పంపకం చేయి తిరిగాక బియ్యం జోలికి వెళ్లండి.

బియ్యం బస్తాలు 26 కిలోలవి ఎందుకు కనిపిస్తాయో తెలుసా? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకూ ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది. 25 కిలోలు దాటిన బస్తాకు అది లేదు. అందుకే ఆ ఒక్క కిలో. 25 కిలోల బస్తా ధరనూ 26 కిలోల బస్తా ధరనూ పక్కపక్కన పెట్టి చూడకండి, కిలోకు ఎంత పడిందో చూడండి.

సరుకు దిగగానే విప్పకముందే ప్రతి బస్తానూ తూచి రాసుకోండి. గోనె సంచి అర కిలో పైనే తూగుతుంది, ప్లాస్టిక్ సంచి వంద గ్రాములకు అటూఇటూ. 50 కిలోల పప్పు బస్తాలో గోనె 600 గ్రాములు, నుసి 200 గ్రాములు పోతే చేతికి వచ్చేది 49.2 కిలోలు. బస్తా ధరకు రవాణా వాటా కలిపి 49.2తో భాగించండి, 50తో కాదు. ఇలా చేయనందువల్లే చివరి ఇంటికి ఎప్పుడూ ముప్పావు కిలో తక్కువ వస్తుంది, గొడవ మొదలవుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా పర్వాలేదంటారు. ఇక్కడ తూచేవారే కడపంక్తిన కూర్చోవాలి. తమ వాటా చివర తీసుకుంటామంటే చేతి జాగ్రత్త దానంతటదే వస్తుంది.

తూకానికి స్ప్రింగు త్రాసు వద్దు. 30 కిలోల దాకా 10 గ్రాముల తేడా చూపే డిజిటల్ కాటా తలా కొంత వేసుకుని కొనుక్కోండి. ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి, కొలిచిన లీటరు నీళ్లు పోస్తే కిలో చూపాలి. ప్రతిసారీ అలా సరిచూశాకే పని మొదలుపెట్టండి. రవాణా ఖర్చును సరుకు ధరను బట్టి కాకుండా బరువును బట్టి పంచండి. ఆటో మోసేది బరువునే కదా.

నిజమైన మిగులు నెల సరుకుల్లో కంటే ఏటా ఒకసారి కొనేవాటిలో ఉంది. చింతపండు, ఎండుమిర్చి, పసుపు, బెల్లం పంట దిగే రోజుల్లో కొంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొత్త చింతపండు ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. గింజతో ఉన్నది చవకగా కనిపిస్తుంది కానీ గింజ, పీచు కలిపి మూడో వంతు పైనే పోవచ్చు, ఒక కిలో ఒలిచి తూచాకే బేరమాడండి. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, వాళ్ల దుకాణాల్లో చింతపండు, తేనె, కుంకుడుకాయల ధరలు ముందు చూసి రావడం మంచిది. అనకాపల్లి బెల్లం దిమ్మల లెక్కన తెస్తే వానలకు ముందే పగలగొట్టి పంచేయండి. గాలిలో చెమ్మ పీల్చి కారిపోతుంది, ఆ కారిన బరువు ఎవరి ఖాతాలో రాస్తారు? మరీ పసుపుగా మెరిసే దిమ్మ కంటే కాస్త ముదురు రంగుదే నయం. ఆ మెరుపు హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వల్ల వచ్చేది.

నూనె 15 లీటర్ల డబ్బా 2,250, 15 కిలోల డబ్బా 2,400 చెబుతున్నారు. తక్కువదే తీసుకోవచ్చా?
— గోపాలపట్నం

ఎక్కువ చెప్పినదే చవక. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 15 లీటర్లంటే 13.65 కిలోలు, అంటే మొదటి డబ్బాలో కిలో దాదాపు 165 పడింది. రెండోదాంట్లో కిలో 160. డబ్బా మీద నికర బరువు చదవకుండా ‘పదిహేను’ అనే మాట నమ్మకండి. ప్యాకెట్లలోనూ అంతే. ఫలానా పరిమాణంలోనే ప్యాక్ చేయాలన్న పాత నిబంధన తీసేశాక లీటరులా కనిపించే 850 గ్రాముల ప్యాకెట్లు వచ్చాయి. ప్యాకెట్ మీద యూనిట్ ధర ముద్రిస్తారు, కళ్లజోడు పెట్టుకుని అదే చూడండి.

పంచేటప్పుడు మగ్గుతో కొలవద్దు. ప్రతివారి సీసానూ కాటా మీద పెట్టి సున్నా చేసి పోయండి. డబ్బాకు ఎదురెదురు మూలల్లో రెండు రంధ్రాలు పెడితే ఒకదాంట్లోంచి గాలి వెళ్లి నూనె గుడగుడమనకుండా ధారగా వస్తుంది. సీసాలు ముందురోజే కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, తడి తగిలితే నూనె త్వరగా పాడవుతుంది. విప్పిన డబ్బాను అదే రోజు ఖాళీ చేయండి, సగం ఉంచితే లోపలి గాలికి సిక్కు వాసన పట్టేస్తుంది. ఖాళీ డబ్బా అమ్మగా వచ్చిన డబ్బు లెక్కలో వేయడం మరవకండి. సీలు లేని విడి నూనె ఎంత తక్కువకు వచ్చినా వద్దు, అలా అమ్మడం ఆహార భద్రతా నిబంధనలకు విరుద్ధం కూడా.

ఇంట్లో ఇద్దరమే. బియ్యం బస్తా తెస్తే రెండో నెలకే పురుగు పడుతోంది.
— అక్కయ్యపాలెం

ఇంకో ఇంటితో చెరి 13 కిలోలు పంచుకోండి, మీ సమస్యలో సగం అక్కడే తీరుతుంది. ముక్కపురుగు గింజను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది, కాబట్టి బియ్యం కొనేటప్పటికే గుడ్లు ఉండొచ్చు, బయటికి కనిపించవు. మన సముద్రపు ఉక్కకు నెలకో తరం లేస్తుంది. డబ్బా అడుగున మిగిలిన పాత బియ్యం మీద కొత్తవి పోయడమే అసలు తప్పు. అడుగంటా ఖాళీ చేసి, కడిగి, ఎండలో ఆరబెట్టి, బిగుతు మూత డబ్బాను అంచుదాకా నింపండి. ఖాళీ చోటు ఎంత తక్కువుంటే పురుగుకు గాలి అంత తక్కువ. పురుగు పడ్డ బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ చిట్లి అన్నం నూకగా వస్తుంది, నీడలో గాలికి ఆరబోసి జల్లించండి. వేపాకు వేసేవారు బాగా ఎండినదే వేయాలి, పచ్చి ఆకు వేస్తే దాని తడికి బూజు పడుతుంది. పెసలు, శనగలు, అలసందలు లాంటివి కిలో కిలో చొప్పున నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే గుడ్లు చస్తాయి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి.

బోరిక్ పౌడర్ కలపకండి. గిడ్డంగుల్లో వాడే గోళీలు ఎవరైనా తెచ్చిస్తే గుమ్మం కూడా దాటనివ్వకండి. వాటి నుంచి వచ్చే విషవాయువు పడకగదిలో మనుషుల ప్రాణాలు తీస్తుంది.

అక్కచెల్లెళ్లం, వదినలం, పక్కింటివాళ్లం కలిపి తొమ్మిదిమందిమి. ఇద్దరు ప్రతిసారీ డబ్బు ఆలస్యంగా ఇస్తారు. అడిగితే మొహం మాడ్చుకుంటారు.
— గాజువాక

తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. సరుకు తెచ్చాక వసూలు చేసే పద్ధతి మానేయండి. 20వ తేదీకి ఎవరికేం కావాలో వాట్సాప్ గ్రూపులో రాయాలి, 22 రాత్రికల్లా డబ్బు చేరాలి, చేరని పేరు ఆ నెల జాబితాలో ఉండదు. ఈ నియమం అందరికీ ఒకటే అయితే విడిగా ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ధర పెరిగితే ఇబ్బంది లేకుండా అంచనా మీద 5 శాతం ఎక్కువ కట్టించుకుని, మిగిలింది పంపకం రోజునే తిరిగి ఇచ్చేయండి. వచ్చే నెలకు జమ అంటూ ఉంచితే మూడు నెలల తర్వాత ఎవరిది ఎంతో ఎవరికీ గుర్తుండదు.

డబ్బు ఒకరి దగ్గర, కొనడం ఇంకొకరు, తూచడం మూడోవారు. ఈ మూడూ ఒక్కరి చేతిలో ఉంటే మనిషి ఎంత మంచివారైనా ఏడాదికి అనుమానం పుడుతుంది, లేదా ఆ మనిషే విసిగిపోతారు. లెక్కకు విడిగా ఒక బ్యాంకు ఖాతా వాడితే జీతం డబ్బుతో కలవదు. దుకాణం బిల్లు ఫొటో అదే రోజు గ్రూపులో పడాలి. మార్కెట్‌కు వెళ్లినవారి పెట్రోలు ఖర్చు సరుకు ధరలోనే కలపండి, లేకపోతే వంతులు వేసుకోండి. ‘మనవాళ్లేగా’ అని ఒకరే తిరుగుతూ ఉంటే ఆ ఏర్పాటు ఆర్నెల్లు నిలవదు.

ఒక జాగ్రత్త. కొన్న ధర మీద ఎవరైనా లాభం వేసుకుంటే అది ఉమ్మడి కొనుగోలు కాదు, వ్యాపారం. ఆహార సరుకు అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

మా వీధిలో ఒకామె నెలకు 500 చొప్పున 12 నెలలు వసూలు చేసి సంక్రాంతికి 8,000 విలువైన సరుకులు ఇస్తానంటోంది. చేరవచ్చా?
— కంచరపాలెం

వద్దు. ఆ 8,000 ఎమ్మార్పీ లెక్క. బాదం, జీడిపప్పు, నెయ్యి, అగరుబత్తీల వంటి వాటిలో ముద్రించిన ధరకూ టోకు ధరకూ మధ్య ఎంతో ఎడం ఉంటుంది, ఆమె లాభం అక్కడే. పైగా ఏడాదిపాటు మీ 6,000 ఆమె చేతిలో ఉంటాయి, మీ చేతిలో ఉండేది ఒక చిన్న కార్డు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. రేపు ఏదైనా జరిగితే రసీదు కూడా లేని మీరు ఎవరిని పట్టుకుంటారు?

అదే పదిమందీ ఎవరి పేరు మీద వారు బ్యాంకు రికరింగ్ డిపాజిట్ తెరవండి, పండగకు ముందే చేతికొచ్చేలా. పండగకు పది రోజుల ముందు ఆ డబ్బు కలిపి టోకున కొనుక్కోండి. ఎవరైనా మధ్యలో ఊరు మారినా మిగతావారికి నష్టం ఉండదు.

ఆదివారాలు నాలుగైదు ఇళ్లు కలిసి ఫిషింగ్ హార్బర్‌లో పెద్ద చేప తెస్తున్నాం. ఒక్కోసారి పొట్టేలు కూడా అనుకుంటున్నాం. పంపకంలో పేచీలు వస్తున్నాయి.
— పెదవాల్తేరు

చేప ధర ఎప్పుడూ ముక్క లెక్కన చూసుకోండి. 5 కిలోల కోనాం (వంజరం) కొంటే తల, పేగులు, రెక్కలు పోయి ముక్కలుగా సుమారు మూడున్నర కిలోలు మిగులుతాయి. కిలో 600 చొప్పున 3,000 పెడితే ముక్కల కిలో దాదాపు 860 పడినట్టు. ఇంటి దగ్గర శుభ్రం చేసిన ముక్కలు 850కి దొరికితే హార్బర్ దాకా వెళ్లడం సరదాకే. లాభం తల కూరలో తేలుతుంది. తలను ఉచితంగా ఎవరికో ఒకరికి ఇచ్చేయకండి, కావలసినవారు దానికి ధర కట్టి తీసుకోవాలి, ఆ డబ్బు మొత్తంలోంచి తగ్గాలి. నడుము ముక్కలు ముందు ఒక్కొక్కటిగా అన్ని పోగుల్లో పడ్డాకే తోకవైపు ముక్కలు వేయండి. పోగులు వేసినవారు కాకుండా మిగతావారు ముందు ఎంచుకోవాలి.

చేపతో సమానమైన బరువు ఐసు తీసుకెళ్లండి. కోనాం, సూర, కనగర్త లాంటివి ఎండలో రెండు మూడు గంటలు ఉంటే హిస్టమిన్ అనే హానికర పదార్థం తయారవుతుంది, అది ఉడికించినా పోదు. తిన్న గంటలో మొహం ఎర్రబడి దద్దుర్లు లేస్తే చేప పడలేదని సరిపెట్టుకుంటారు కానీ తప్పు ఐసు చాలకపోవడంలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో తాజా సరుకు తక్కువ, ధర ఎక్కువ, నిల్వ సరుకు తాజాదిగా చెలామణీ అయ్యే అవకాశమూ ఎక్కువ. ఆ రెండు నెలలూ చేపల ఉమ్మడి బేరం ఆపేయండి.

పొట్టేలు సంగతి. 20 కిలోల జీవం నుంచి 9, 10 కిలోల మాంసం వస్తుంది, తలకాయ, కాళ్లు, బోటీ వేరు. ఆ లెక్క వేసుకునే జీవం ధర బేరమాడండి. ఎముక ముక్కలు, మెత్తని ముక్కలు విడివిడిగా కుప్ప పోసి, ఒక్కోదాన్ని పోగుల సంఖ్యతో భాగించి తూచాలి. అంతా కలిపేసి గంపగుత్తగా తూస్తే ఒకరికి ఎముకలే మిగులుతాయి. కార్జం అందరికీ పంచితే తలా రెండు ముక్కలు వస్తాయి, పిల్లలున్న ఇళ్లవారు అది తీసుకుని అంత బరువు మెత్తని మాంసం వదులుకుంటే సరిపోతుంది. తలకాయ, కాళ్లు మీలో మీరే వేలంపాట పెట్టుకోండి. కోత మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లారులో వద్దు, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి ఉన్న కబేళాలోనే చేయించాలి.

ఆవకాయకు ఐదు ఇళ్లకు కలిపి కాయలు, కారం తెద్దామనుకుంటున్నాం. ఎంత తేవాలి?
— పెందుర్తి

ఇంటికి 5 కిలోల ముక్కలకు కారం కిలో, ఆవపిండి కిలో, ఉప్పు కిలోకు కాస్త తక్కువ, నువ్వుల నూనె రెండు నుంచి రెండున్నర కిలోలు. జీడి, మెత్తబడినవి, టెంక ఊడిన ముక్కలు తీసేస్తారు కనుక ఇంటికి 6 కిలోల కాయలు, ఐదిళ్లకు 30 కిలోలు తెచ్చుకోండి. కాయలు అందరివీ కలిపి కొట్టించండి. మిర్చి కూడా కలిపే ఆడించండి, పట్టణంలో మిల్లువాళ్లు ఐదు కిలోలకైతే మన కళ్లెదుటే విడిగా ఆడతారు. మునుపటివారి ధనియాలో, మరోటో మిగిలి ఉంటుంది కాబట్టి మొదట పడ్డ గుప్పెడు కారం పక్కన పెట్టేయండి. కలపడం మాత్రం ఎవరింట్లో వారు చేసుకోండి. ఒక్క తడి చేయి ఐదిళ్ల జాడీలకూ బూజు తెస్తుంది.

ఇరవై ఏసీలకు కలిపి సర్వీసింగ్ మాట్లాడుకుంటే?
— సీతమ్మధార

బాగా తగ్గుతుంది, ఏప్రిల్‌లో కాకుండా ఫిబ్రవరిలో పిలిస్తే ఇంకా తగ్గుతుంది. మోసం సర్వీసింగ్ చార్జీలో జరగదు, ‘గ్యాస్ తగ్గింది’ అన్న మాటలో జరుగుతుంది. ఆర్32, ఆర్410ఏ, ఆర్22... ఏ గ్యాస్‌కు ఎంతో ముందే రాయించుకోండి. గేజ్ పెట్టి చూపించాలని, కారుతున్న చోటు కనిపెట్టాకే నింపాలని షరతు పెట్టండి. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో బయటి యూనిట్ కాయిల్‌ను మంచినీళ్లతో కడగడం ఈ బేరంలో తప్పనిసరిగా ఉండాలి, ఉప్పుగాలికి ముందు పోయేది అదే.

అపార్ట్‌మెంట్ పైన అందరం కలిసి సోలార్ పెట్టించుకుంటే సబ్సిడీ వస్తుందా?
— ఎంవీపీ కాలనీ

లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలు ఉన్న ఉమ్మడి మీటరుకు వస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో నివాసుల సంఘాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సాయం ఉంది. ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన గరిష్ఠ పరిమితి. కిలోవాటుకు నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. మీ ఉమ్మడి బిల్లు నెలకు 600 యూనిట్లయితే 5 కిలోవాట్లు చాలు, సాయం 90,000. ఏడాది బిల్లులు ముందేసుకుని సగటు తీయండి. అవసరానికి మించి పెట్టిస్తే పెట్టుబడి తిరిగి రావడం ఆలస్యమవుతుంది.

మొదట సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాయండి. పైకప్పు అందరిదీ కనుక ఒక్కరు అడ్డం తిరిగినా పని ఆగుతుంది. కనెక్షన్ సంఘం పేరుమీద ఉండాలి. జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు, ఈపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) అనుమతి, నమోదైన విక్రేతతో పని, ఆ తర్వాత నెట్ మీటరు (వచ్చే కరెంటునూ పోయే కరెంటునూ లెక్కించేది). దేశీయ సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే సాయం వస్తుందన్నది ఒప్పందంలో రాయించండి.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విరుచుకుపడింది. ఫ్రేము దాన్ని తట్టుకునేలా ఉండాలి. వేడి జింకు పూత వేసిన ఇనుము, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు అడగండి, మామూలు బోల్టులు ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. శ్లాబుకు రంధ్రాలు పెడితే వాటర్‌ప్రూఫింగ్ బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి. రెండు వారాలకోసారి తెల్లవారుజామున ప్యానెళ్లు కడిగే మనిషి జీతం కూడా నిర్వహణ ఖర్చులో రాసుకోవాలి.

జ్ఞానాపురం హోల్‌సేల్ మార్కెట్లో టమాటా ట్రే తెచ్చుకుని పంచుకుంటే లాభమేనా?
— మర్రిపాలెం

నాలుగు ఇళ్లయితే కాదు. ట్రేలో సుమారు 25 కిలోలు ఉంటాయి, అడుగు వరస నలిగి ఉంటుంది. ఇంటికి ఆరేసి కిలోలు వస్తే వారంలో సగం కుళ్లుతాయి. కూరగాయలకు రైతుబజారే మేలు. ఉల్లి మూట, వెల్లుల్లి, బంగాళాదుంప మాత్రం పంచుకోండి. ఉల్లిని సంచిలో ఉంచకుండా గాలి ఆడే చోట పరచండి, బంగాళాదుంప పక్కన పెట్టకండి, రెండూ త్వరగా మొలకెత్తుతాయి.